చేతిగడియారములో రెండు ఊళ్ల ప్రొద్దు

గడియారము వేళ యెంతయో చెప్పును గాని, అది ఎక్కడి వేళయో చెప్పదు. మన పూర్వులకు ఆ సందేహమే కలుగలేదు. కాలు మోపిన చోటి ప్రొద్దే వారి ప్రొద్దు. కూతురు డల్లాసులో, తల్లిదండ్రులు తెనాలిలో ఉన్న నేటి సంసారములలో మాత్రము ఈ ప్రశ్న ప్రతిదినము ఎదురగుచున్నది. ఫోను చేయుటకు ముందు తండ్రి వ్రేళ్లు మడచి లెక్క పెట్టును. అయినను అప్పుడప్పుడు నడిరేయి బిడ్డను నిద్ర లేపుచునే యుండును. ఈ చిక్కు తీర్చుటకు స్విట్జర్లాండు పనివారు చేసిన ఖరీదైన సాధనమొకటి ఈ మధ్య ఒక మిత్రుని మణికట్టున కనిపించినది. ఆయన దయవలన ఒక సాయంకాలమంతయు దానిని చేతికి పెట్టుకొని చూచితిని.

అది రోలెక్సు కంపెనీవారి జి.యం.టి. మాస్టర్ II. ఎరుపు నీలము రంగుల అంచుతో, ఉక్కు కూర్పుతో 2018లో వెలువడిన రకము. వ్యాసము 40 మిల్లీమీటర్లు. చేతికి తీసుకొనగానే మొదట తెలియునది బరువు. తరువాత అంచు నునుపు. ఆ అంచు పింగాణి వంటి గట్టి పదార్థముతో చేసినది. రెండు రంగులును ఒకే బిళ్ళలో కలిసియున్నను, అవి కలియుచోట అతుకు కానరాదు. ఎరుపు పగటికి, నీలము రాత్రికి గుర్తు. అంచు చుట్టును 24 గంటల అంకెలు చెక్కబడియున్నవి. ముఖముమీద మామూలు ముళ్లు మూడింటికి తోడు, కొసన త్రికోణము గల ఎఱ్ఱని ముల్లు నాల్గవది. గంటల ముల్లు దినమునకు రెండు చుట్లు తిరుగగా ఇది ఒక్క చుట్టే తిరుగును. కనుక దూరపు ఊరిలో పగలో రాత్రియో తడుముకొన నక్కరలేదు.

నన్ను నిజముగా ఆకర్షించినది రంగులు కావు. ప్రక్కనున్న కీ బొడిపెను మరవిప్పి, ఒక మెట్టు లాగి త్రిప్పినచో గంటల ముల్లు మాత్రమే చిన్న చప్పుడుతో ఒక్కొక్క గంట చొప్పున ముందుకో వెనుకకో దుముకును. ఆ సమయమున నిమిషముల ముల్లు తన దారిన తాను పోవుచుండును; సెకనుల ముల్లు ఆగదు; ఎఱ్ఱ ముల్లు కదలదు. ప్రయాణికుడు దిగిన ఊరి వేళకు గంటను సరిచేసికొన్నను, ఇంటి వేళ చెడదు. సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకొను ఆ యంత్రము నడకకు భంగము రానీయక ఒక్క ముల్లును వేరుచేసి త్రిప్పగలుగుట మెచ్చదగిన నేర్పు.

ఈ వంశమునకు మూలపురుషుడు 1955 నాటివాడు. పాన్ అమెరికన్ విమానముల చోదకులకై అప్పుడు దానిని తయారుచేసిరి. 1958లో ఆ సంస్థ జెట్ విమానములు న్యూయార్కునుండి పారిసునకు ఎగురసాగినవి. ఒక్క రాత్రిలో అన్ని గంటలు తారుమారగుట మనుష్యులకు క్రొత్త అనుభవము. గంటల ముల్లు స్వతంత్రముగా కదలు ఏర్పాటు 1982లో వచ్చినది. విమాన సంస్థ 1991లో మూతపడినది, గడియారము మిగిలినది.

ఇంత నేర్పు గల యంత్రము మన దేశమునకు వచ్చుసరికి తడబడును. దాని లెక్క నిండు గంటలది. మనది అరగంట దేశము. గ్రీనిచ్చికి మనము 5 గంటల 30 నిమిషములు ముందున్నాము. ఒకప్పుడు మన రైళ్లు మద్రాసు నక్షత్రశాల కాలమును పాటించెడివి. కలకత్తాది వేరు, బొంబాయిది వేరు. వీనినన్నిటిని కలుపుటకు 1906లో 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును గ్రహించిరి. ఆ రేఖ మీర్జాపూరు ప్రక్కనుండి, మన కాకినాడకు కొంచెము తూర్పుగా పోవుచున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున గుణించి చూడుడు, సరిగా అయిదున్నర గంటలు వచ్చును. అయినను కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ తమ కాలములను వదలలేదు.

ఫలితమేమనగా, శీతకాలమున హైదరాబాదులో ఉదయము 10న్నర అయినప్పుడు లండనులో సరిగా 5 గంటలు. ఈ గడియారము 5న్నర అనియో, ఒక గంట జరిపినచో 4న్నర అనియో చూపునే గాని 5 అని చూపలేదు. మిగిలిన అరగంట మన నోటిలెక్కయే! ఉక్కుతో చేసినదానికే లక్షల రూపాయలు పోసి కొన్నవానికి ఇది కొంత కష్టము తోపక మానదు. ఆ లోపమును తీర్చినవారు లేకపోలేదు. వషెరాన్ కాన్‌స్టాంటిన్ అను మరియొక స్విస్ కంపెనీ అరగంటలు, ముప్పావు గంటలు సహితము లెక్కించి 37 కాలమండలములను చూపు చేతిగడియారమును 2011లో చేసినది. దాని వెలను గూర్చి బడిపంతులు విచారింపకుండుటయే మేలు.

ఖర్చులేని ఉపాయమొకటి విద్యార్థులు తరగతిలోనే పరీక్షింపవచ్చును. మన వేళకు పెట్టియున్న ఏదైనను ముళ్ల గడియారమును, తాతగారి హెచ్.ఎం.టి. యైనను సరే, తలక్రిందులుగా పట్టుకొని అంకెలను మరచి ముళ్ల పొజులను మాత్రము చూడుడు. మనకు పగలు 12 అయినచో రెండు ముళ్లును క్రిందికి వ్రేలాడి ఆరున్నరను చూపును. గ్రీనిచ్చిలో అప్పటి వేళ అదే. అరచుట్టు త్రిప్పుటవలన గంటల ముల్లు ఆరు గంటలు వెనుకబడును, నిమిషముల ముల్లు అరగంట ముందునకు పోవును. తీసివేయగా మిగులునవి మన అయిదున్నర గంటలే. గంటల ముల్లు ఉండవలసిన చోటికి అర అంకె వెనుకగా ఎందుకు కనిపించుచున్నదో పిల్లలచేతనే చెప్పింపవలెను. మంచి లెక్క అది.

లండనువారు వేసవిలో గడియారమును ఒక గంట ముందునకు జరుపుకొందురు గనుక ఈ ఉపాయము వారి శీతకాలమునకే చెల్లును. తెనాలి తండ్రికి దీనితో పనిలేదు. శీతకాలమున డల్లాసు మనకంటె 11న్నర గంటలు వెనుక. మన వేళకు అరగంట కలిపి పగలు రాత్రి మార్చిన చాలును. ఇచ్చట రాత్రి 8 గంటలు, అచ్చట ఉదయము 8న్నర. మార్చి రెండవ ఆదివారమున అమెరికావారు తమ గడియారములను జరుపగానే ఆ భేదము 10న్నరకు దిగును. ఆ దినమున మణికట్టుమీది లక్షల యంత్రము తనంత తాను మారదు. దాని కీ బొడిపెను కూడ ఎవరో ఒకరు త్రిప్పవలసినదే.