స్కిల్ మ్యాట్రిక్స్

ఏ ఉద్యోగి ఏ పనికి సరిపోతారో లెక్కగట్టే పట్టిక ఇది. నిలువు వరసలో పేర్లు, అడ్డంగా నైపుణ్యాలు, గడుల్లో 0 నుంచి 5 దాకా మార్కులు. ఒక పోస్టుకు ఎక్సెల్ 4, ఇంగ్లిష్ 3 కావాలనుకుందాం. ఒకరికి 2, 5 ఉన్నాయి. కూడితే 7కి 7! సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఇంగ్లిష్ ఎంత దంచినా ఎక్సెల్‌లో ఆ రెండు మార్కుల లోటు తీరదు కదా! అందుకే మంచి ఫార్ములా అదనపు మార్కుల్ని పక్కనపెట్టి లోటునే లెక్కిస్తుంది. కీలక నైపుణ్యానికి వెయిటేజీ పెంచుతుంది. పదిమందికి పది పనులు తలా ఒకటి పంచడం ఇంకో చిక్కు: 36,28,800 రకాలుగా పంచొచ్చు. హెరాల్డ్ కూన్ 1955లో ప్రచురించిన ‘హంగేరియన్ పద్ధతి’ అవన్నీ తిరగేయకుండానే మేలైన పంపకాన్ని తేలుస్తుంది. గడుల్లో మార్కులు వేసేది మాత్రం చాలాచోట్ల మేనేజరే.