రెండు దేశాల్లోనూ మోగాల్సిన ఫోను

ఫోను కొనేటప్పుడు మనవాళ్లు ముందు కెమెరా సంగతి అడుగుతారు, తర్వాత ధర, ఆ తర్వాత స్టోరేజీ. విదేశాల్లో ఉంటూ ఏటా హైదరాబాదుకో విజయవాడకో వెళ్లొచ్చేవాళ్లు, అమ్మానాన్నలను అప్పుడప్పుడూ ఇక్కడికి పిలిపించుకునేవాళ్లు వీటన్నిటికంటే ముందు రెండు విషయాలు అడగాలి. ఇందులో సిమ్ కార్డు పెట్టే ట్రే ఉందా? ఫోను ఏదైనా కంపెనీకి లాకై ఉందా?

అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి ట్రే లేదు. అంతా ఈసిమ్మే, అంటే కార్డు లేకుండా ఫోనులోకే దింపుకునే సిమ్. 2025లో ఐఫోన్ 17తో ఇదే పద్ధతి కెనడా, జపాన్, సౌదీ, యూఏఈ లాంటి దేశాలకూ వచ్చింది. అదే ఐఫోన్ 17 ఇండియాలో కొంటే ఒక నానో సిమ్ పెట్టుకోవచ్చు, ఈసిమ్ కూడా వేసుకోవచ్చు. డాలస్‌లో కొడుకు కొని పంపిన ఫోనును గుంటూరులో నాన్నగారు పెట్టెలోంచి తీసి, పాత ఫోనులోని సిమ్ చేత్తో పట్టుకుని అంచులన్నీ తడుముతారు. పిన్ను గుచ్చడానికి రంధ్రమే కనపడదు. జియో, ఎయిర్‌టెల్ నంబర్లను ఈసిమ్‌గా మార్చుకోవచ్చన్నది నిజమే. కానీ ఆ తర్వాత ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు ఫోను కిందపడి పగిలితే? కార్డయితే తీసి ఇంకో ఫోనులో వేసుకుంటే సరిపోయేది. ఈసిమ్‌ను ఏడు సముద్రాల అవతల నుంచి మళ్లీ తెప్పించుకోవడం పెద్ద తతంగం. పైగా ఇండియాలో సిమ్ మార్చాక భద్రత కోసం 24 గంటలపాటు ఆ నంబరుకు మెసేజీలు ఆపేస్తారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మన ఇండియా నంబరు మాటలకోసం మాత్రమే ఉన్నది కాదు. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, ఆదాయపు పన్ను రిటర్ను వెరిఫికేషన్, అన్నీ దానికే వస్తాయి. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. అలా పోయిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళుతుంది. అందుకే నా సలహా ఒకటే: ఇండియా నంబరు కార్డుగా ట్రేలో, ఉంటున్న దేశం నంబరు ఈసిమ్‌గా. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, ఆ లైనుకు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. అమెరికా, బ్రిటన్, సింగపూర్ సహా పది దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకోవచ్చని, దాన్ని నడిపే ఎన్‌పీసీఐ 2023 జనవరిలో చెప్పింది. అది చెల్లింపులకు ఊరట. మిగతా ఓటీపీల సంగతి మాత్రం మారలేదు.

ఇక లాకు. వాయిదాల మీద కొన్న ఫోను బాకీ తీరేదాకా సాధారణంగా ఆ కంపెనీ సిమ్‌నే ఒప్పుకుంటుంది. శంషాబాద్‌లో దిగి కొత్త సిమ్ వేస్తే పలకదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ అన్న వరుస చూడండి. నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటే దిగుల్లేదు. ఏ ఫోనులోనైనా *#06# కొడితే ఐఎంఈఐ నంబర్లు వస్తాయి. వాటితోపాటు ఈఐడీ అని ఇంకో పొడవాటి నంబరు కనిపిస్తే ఈసిమ్ పనిచేస్తుందని అర్థం. కొట్టులో డబ్బు కట్టకముందే చేయదగ్గ పరీక్ష ఇది.

దేశాన్నిబట్టి మారే సిగ్నలు బ్యాండ్ల గొడవ కొంత తగ్గింది కానీ పోలేదు. అమెరికాలో పెద్ద కంపెనీలన్నీ 2022 చివరికల్లా 3జీ మూసేశాయి, కాబట్టి మాట కూడా 4జీ మీదే నడవాలి. ఆస్ట్రేలియా 2024 అక్టోబరులో 3జీ ఆపేస్తూ, 4జీ మీద అత్యవసర నంబరు 000కు కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్కులోకే రానివ్వలేదు. ఇండియా మార్కెట్టు కోసం తయారైన చౌక ఫోను కొనేముందు అమెరికాలో టి-మొబైల్ వాడే బ్యాండు 71 ఉందో లేదో చూసుకోండి. పల్లెల్లో సిగ్నలు అందించేది ఎక్కువగా అదే.

చార్జరు మీద 100-240 వోల్టులని రాసి ఉంటే ప్లగ్ అడాప్టరు చాలు. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్లు దాటనిది కొని, చేతి సంచీలోనే పెట్టుకోండి.

అమ్మానాన్నలకు కొనేదైతే ఇక్కడ కొని పంపకండి. ట్రే ఉండి, ఈసిమ్ కూడా పనిచేసే మోడలు చూసి అక్కడే కొనిపెట్టండి. వారంటీకి పేచీ ఉండదు, చెడితే ఊళ్లోనే బాగుచేయించుకుంటారు. వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు అదే ఫోనులో మీ ప్లాను ఈసిమ్ వేసివ్వండి. పెన్షను ఖాతా మెసేజీలు పాత నంబరుకే వస్తాయి, చెల్లెలి వాట్సాప్ ఫోటోలూ దానికే వస్తాయి.