ఐరిష్ జానపదంలో బాల్కన్ లయ : ప్లాంక్స్టీ బృందం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
1972లో ఏర్పడిన ప్లాంక్స్టీ బృందం ఐర్లాండు జానపదసంగీతానికి పరదేశపు వాద్యాన్ని, తూర్పు ఐరోపా లయలను జోడించింది. ఈ మేళవింపు సంప్రదాయాన్ని పలుచన చేసిందా, నిలబెట్టిందా అనే ప్రశ్నను వాద్యం, లయ, పాటల మూలం అనే మూడు కోణాల నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జానపదసంగీతం, ఐర్లాండు, ప్లాంక్స్టీ, బుజూకీ, బాల్కన్ లయలు, మౌఖిక సంప్రదాయం.

1. ఉపోద్ఘాతం:
జానపదుల పాట వేదికకెక్కినప్పుడు అది ఎవరి పాటగా మిగులుతుందన్నది పరిశోధకులకు పాత ప్రశ్నే. ఈ ప్రశ్నను చర్చించడానికి ప్లాంక్స్టీ మంచి ఉదాహరణ. గాయకుడు క్రిస్టీ మూర్ 1972లో వెలువరించిన 'ప్రాస్పరస్' ఆల్బమ్ కోసం కలిసిన నలుగురే ఈ బృందంగా ఏర్పడ్డారు. వారు మూర్, ఆండీ ఇర్విన్, డోనల్ లన్నీ, లియమ్ ఓఫ్లిన్. 'ప్లాంక్స్టీ' అనే మాట 17-18 శతాబ్దాల అంధ హార్ప్ వాద్యకారుడు టర్లో ఓకరొలన్ రచనల పేర్లలో కనిపిస్తుంది.

2. వాద్యసమ్మేళనం:
ఐరిష్ నృత్యసంగీతం ప్రధానంగా ఏకస్వరధారగా సాగేది. ఎందరు వాయించినా అందరూ ఒకే వరుసను అనుసరించేవారు. ఓఫ్లిన్ వాయించిన ఇల్లన్ పైప్స్ ఈ సంప్రదాయానికి ప్రతినిధి. ఈ వాద్యాన్ని నోటితో ఊదరు. ఒక మోచేతి కింది కొలిమితిత్తి గాలిని అందిస్తే, రెండో మోచేతి కింది సంచి ఆ గాలిని నాదంగా మార్చే గొట్టాలకు పంపుతుంది.

దీని పక్కన గ్రీసు దేశపు బుజూకీ చేరింది. 1960లలో జానీ మొయ్నిహన్ దానిని ఐరిష్ సంగీతంలోకి తెచ్చాడు. లన్నీ దానిని ప్లాంక్స్టీలో ప్రధానవాద్యాల్లో ఒకటిగా చేశాడు. లన్నీ బుజూకీ, ఇర్విన్ మాండొలిన్ కేవలం శ్రుతిని పట్టి ఊరుకోవు. పాట వరుసకు ఎదురుగా మరో వరుసను అల్లుతాయి. అయినా పైప్స్ నాదం మరుగున పడదు.

3. లయ వైవిధ్యం:
1968లో ఇర్విన్ తూర్పు ఐరోపాకు వెళ్లి బాల్కన్ దేశాలలో సంచరించాడు. అక్కడి లయలు ఐరిష్ శ్రోతకు కొత్తవి. ఐరిష్ జిగ్‌లో ఆరు మాత్రలు 3+3గా సమంగా నడుస్తాయి. బల్గేరియా రచెనిత్సాలో ఏడు మాత్రలు 2+2+3గా, కొపనిత్సాలో పదకొండు మాత్రలు 2+2+3+2+2గా విరుగుతాయి. మిశ్రగతి ఎరిగిన తెలుగు పాఠకునికి ఏడు మాత్రల నడక సుపరిచితమే. అయితే మిశ్రచాపులో మూడు ముందు వస్తుంది; రచెనిత్సాలో చివర వస్తుంది.

1974 నాటి ఆల్బమ్‌లో ఇర్విన్ బుకారెస్టును తలచుకొని రాసిన పాటకు కొనసాగింపుగా 'మోమిన్స్కో హోరో' అనే బల్గేరియన్ నృత్యగీతం వస్తుంది. 1979 ఆల్బమ్‌లోని 'స్మెచెనో హోరో' పేరుకు 'మిశ్రనృత్యం' అని అర్థం. వీటిని ఐరిష్ నడకలోకి మలచకుండా వాటి సొంత లయలోనే వాయించడం గమనించదగిన అంశం.

4. పాట వెనుక మనిషి:
1973లో వచ్చిన తొలి ఆల్బమ్ ఒక సంచారజాతి గాయకుని పాటతో మొదలై, ప్రాచీన హార్ప్ రచనలోకి ప్రవహిస్తుంది. ఆ గాయకుడు జాన్ రైలీ. రాస్‌కామన్ ప్రాంతపు బాయిల్ పట్టణంలో ఉండేవాడు. జానపద సేకర్త టామ్ మునెల్లీ ఆయన పాటలను రికార్డు చేశాడు. మౌఖిక సంప్రదాయంలో అంతరించిందని పండితులు భావించిన ఒక కథాగేయం ఆయన నోట సజీవంగా దొరికింది. ప్లాంక్స్టీ రెండో ఆల్బమ్‌కు ఆ గేయం పేరే పెట్టారు. రైలీ 1969లో పేదరికంలోనే మరణించాడు. తన పాటలకు వచ్చిన ఖ్యాతిని ఆయన చూడలేదు. ఆయన పట్ల తనకున్న రుణాన్ని మూర్ బహిరంగంగా చెబుతూ వచ్చాడు.

5. ముగింపు:
ప్లాంక్స్టీ 1975లో విడిపోయి, 1979లో మళ్లీ కలిసింది. 1981 యూరోవిజన్ విరామవేళ డబ్లిన్‌లో వారు వాయించిన 'టైమ్‌డాన్స్' రచయితల్లో ఒకరైన బిల్ వేలన్, 1994లో 'రివర్‌డాన్స్'కు సంగీతం సమకూర్చాడు. పరదేశపు లయ చేరినందువల్ల ఐరిష్ పాట పలుచబడలేదని ఈ పరిశీలన తెలుపుతున్నది. ప్రతి సంప్రదాయాన్నీ దాని స్వభావంతోనే నిలిపి పక్కపక్కన ఉంచడం ఇందుకు కారణం. రైలీ వంటి మూలగాయకుల పేర్లు మరుగునపడితే మాత్రం సంప్రదాయానికి నిజమైన నష్టం కలుగుతుంది. కాబట్టి జానపదసంగీత పరిశోధనలో మేళవింపు ఎంత శుద్ధమన్న విచారణతోపాటు, అసలు గాయకునికి దక్కిన గుర్తింపు ఎంతన్న విచారణ కూడా అవసరం.