దేశదేశముల భోజన విధులు – మన రైతు కంచము

ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఎప్పుడు తినవలెను అను మూడు ప్రశ్నలకును ప్రతి జాతియు తనదైన సమాధాన మొకటి యేర్పరచుకొనియే యున్నది. మన ఆయుర్వేదమున వాగ్భటాచార్యుడు కడుపును నాలుగు భాగములుగా నెంచి, రెండు భాగములు అన్నముతోను, ఒక భాగము ద్రవముతోను నింపి, నాలుగవ భాగమును వాయుసంచారమునకై విడువవలెనని విధించెను. జపానుకు చెందిన ఒకినావా దీవుల పెద్దలు, కడుపు పదింట ఎనిమిది పాళ్లు నిండగానే చేయి కడుగుకొనవలెనని చెప్పుదురు. నియమపరులైన జైనులు ప్రొద్దు గ్రుంకిన పిదప భుజింపరు. భూమిలో పెరుగు దుంపలను ముట్టరు. గ్రీకు సనాతన క్రైస్తవులు సంవత్సరములో అనేక దినములు మాంసమును, పాలను విడిచి కూరాకులతోను, పప్పుధాన్యములతోను గడుపుదురు.

ఇవి ధర్మమునుండియు, వైద్యమునుండియు పుట్టిన నియమములు. ఇటీవలి కాలమున ప్రభుత్వములును ఈ పనికి పూనుకొన్నవి. నేడు నూరుకు పైగా దేశములు తమ ప్రజలకు ఆహార మార్గదర్శక సూత్రములను ప్రకటించి యున్నవి. వానిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒకదానితో నొకటి పొసగనట్లు తోచును. ఒకరు నూనె మంచిదందురు, ఒకరు తగ్గింపుమందురు. ఒకరు గ్రాములలో కొలుతురు. ఒకరు కొలతయే చెప్పరు. ఇట్లయిన నిజమేది యని మన సభ్యులు ప్రశ్నింపవచ్చును. మేము చెప్పబోవున దొక్కటే: ఏ దేశపు పథ్యమైనను ఆ దేశపు రోగమును, ఆ దేశపు పొలమును చూచి వ్రాయబడినది. ఆ రెంటిని తెలిసికొనక పథ్యమును మాత్రము అరువు తెచ్చుకొన్నచో ప్రయోజనము లేదు.

1958లో ఆన్సెల్ కీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఏడు దేశములలో 40 మొదలు 59 సంవత్సరముల వయస్సుగల పండ్రెండు వేలకు పైగా పురుషుల ఆహారమును, గుండె ఆరోగ్యమును పరిశీలింప నారంభించిరి. తూర్పు ఫిన్లండులో గుండెజబ్బు మరణములు మిక్కిలి హెచ్చుగాను, గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున మిక్కిలి తక్కువగాను కనబడెను. వింత యేమనగా, రెండు చోట్లను జనులు క్రొవ్వు సమృద్ధిగానే తినుచుండిరి. ఆహారమువలన గలుగు శక్తిలో ఇంచుమించు నూటికి 40 వంతులు క్రొవ్వునుండియే వచ్చుచుండెను. అయితే ఫిన్లండువారిది వెన్న, మీగడ. క్రీటువారిది ఆలివు నూనె. ఎంత క్రొవ్వు అనుటయే గాక, ఏ క్రొవ్వు అనియు అడుగవలెనని దీనివలన తేలినది.

ఫిన్లండు తూర్పు భాగమున ఉత్తర కరేలియా యను సీమ కలదు. పాడియే ఆ సీమ రైతుల జీవనాధారము. అచటి మగవారు నడివయస్సుననే గుండెజబ్బుతో కూలిపోవుచుండగా, ఆ సీమవారు తామే ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనిరి. 1972లో పెక్కా పుస్కా యను యువవైద్యుని నాయకత్వమున ఉద్యమము మొదలయ్యెను. పాడిసీమలో వెన్న తగ్గింపుడని చెప్పుట సులభము గాదు. పాడి పరిశ్రమవారు ప్రతిఘటించిరి. ఆ చలిదేశమున ఆలివు పండదు. కావున ఆవజాతికి చెందిన, ఆ నేలలో పండగల నూనెగింజను వృద్ధిచేసిరి. పాడి తగ్గించుకొన్న రైతులకు ఆ సీమకు సహజమైన బెర్రీపండ్ల సాగునకు తోడ్పడిరి. మార్తా సంఘమను స్త్రీల సంఘమువారు ఊరూర కూడి, పాత వంటకములనే తక్కువ వెన్నతోను, ఎక్కువ కూరగాయలతోను వండి వడ్డించి చూపిరి. పొగాకు మాన్పించుటయు, రక్తపుపోటు తగ్గించుటయు దీనికి తోడయ్యెను. నలుబది సంవత్సరములలో అచటి పనిచేయు వయస్సు పురుషులలో గుండెజబ్బు మరణములు నూటికి 80 వంతులకు మించి తగ్గినవి. పథ్యము మారవలెనన్న పొలమును మారవలెనని యీ రైతులు లోకమునకు నేర్పిరి.

జపాను కథ వేరు. అచట అన్నము, చేపలు, సోయాచిక్కుడు, కూరలు భుజింతురు, గుండెజబ్బు తక్కువ. అయినను 1951 మొదలు 1980 వరకు ఆ దేశమున మరణకారణములలో మెదడు రక్తనాళముల వ్యాధియే మొదటి స్థానమున నుండెను. ఊరవేసిన కూరలలోను, పులియబెట్టిన సోయాముద్దలలోను గల ఉప్పు దీనికొక ముఖ్యకారణము. ఉప్పు తగ్గింపుడని అచటి వైద్యులు దశాబ్దములపాటు బోధించిరి. 2005లో ఆ ప్రభుత్వము ప్రకటించిన ఆహారపటము బొంగరము ఆకారమున నుండును. పైన ధాన్యపు వంటకములు, దాని క్రింద కూరలు, పిమ్మట చేపలు, మాంసము, గ్రుడ్లు, సోయా. అడుగున పాలును, పండ్లును. నీరు, తేనీరు దాని యిరుసు. శరీరశ్రమ యున్నంతవరకే బొంగరము తిరుగును. శ్రమ లేనిచో ఒరిగి పడును. మన బాలురకును అర్థమగు బోధ యిది.

బ్రెజిలు దేశమువారు 2014లో మరియొక త్రోవ త్రొక్కిరి. గ్రాముల లెక్కకు ప్రాధాన్యమీయక, ఆహారము పొలమునుండి ఎంత దూరము పోయినదో చూడుమనిరి. పొలమునుండి వచ్చిన రూపముననో, స్వల్పముగా మారిన రూపముననో ఉన్న పదార్థములతో ఇంట వండినది మేలు; యంత్రశాలలలో రంగులు, రుచులు కలిపి పొట్లము కట్టినది వర్జ్యము. వారి నిత్యభోజనమైన అన్నము, చిక్కుడుగింజలు వారికి గర్వకారణములైనవి. సహకార సభ్యులు గమనింపదగిన విషయ మింకొకటి కలదు. 2009లో ఆ దేశము చేసిన చట్టము, పాఠశాల భోజనములకై కేంద్రప్రభుత్వ మిచ్చు ధనములో నూటికి 30 వంతులకు తక్కువ గాకుండ కుటుంబ వ్యవసాయదారులనుండియు, వారి సంఘములనుండియు సరకు కొనుటకు వినియోగింపవలెనని విధించెను. పిల్లల కంచమునకును, చిన్న రైతు గాదెకును ఆ చట్టము వంతెన కట్టినది.

ఇక మన సంగతి. ఆహారశాస్త్రమునకు మన దేశమున పునాది పడినదే తెలుగువారి రోగమువలన నని చెప్పిన అతిశయోక్తి గాదు. ఇరువదవ శతాబ్దారంభమున ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి వ్యాపించి యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, తుదకు గుండె ఆగిపోవు వ్యాధి యిది. మరపట్టిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమైన వారికి ఇది వచ్చుచుండగా, ఉప్పుడు బియ్యము తిను తమిళసీమవారు చాలవరకు తప్పించుకొనిరి. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు పైపొరలోని బి విటమిను గింజలోనికి దిగును. అప్పుడు మరపట్టినను అంతయు తవుడుతో పోదు. మెకారిసన్ అను వైద్యుడు 1918లో కూనూరులో నెలకొల్పిన బెరిబెరి విచారణశాలయే పెరిగి, పిదప హైదరాబాదు చేరి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను.

ఆ సంస్థలోనే 1960 ప్రాంతమున గోపాలన్ ప్రభృతులు జొన్నయే ముఖ్యాహారమైన తెలంగాణ బీదవారిలో పెల్లాగ్రా అను చర్మవ్యాధిని పరిశీలించిరి. కావున వరి చెడ్డది, జొన్న మంచిది యని వాదించుటయు పొరపాటే. ఏ ధాన్యమైనను ఒంటరిగా నున్నపుడు లోపము చూపును. పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు తోడైనపుడే నిండుభోజనమగును.

ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూత్రములలో, దినమునకు 2000 కిలోక్యాలరీల భోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు (లేదా గ్రుడ్లు, మాంసము) 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని చెప్పబడినది. ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదు. ఊరగాయను అన్నముతో సమముగా కలుపుకొను మనకు జపాను పాఠమే యిది.

ఈ కొలత తేలికపని చేయువారిది. నాట్లు వేయు, మూటలు మోయు శరీరమునకు ఇంకను కావలెను. కావున అంకెకంటె పాళ్లు ముఖ్యము: మూడు పాళ్లు ధాన్యమునకు ఒక పాలు పప్పు, ధాన్యమును మించిన కూర. మన కంచమున అన్నపురాశి కొండవలె నుండి, పప్పు, కూర దాని క్రింది గులకరాళ్లవలె నుండుట సామాన్యము. దుక్కి ట్రాక్టరునకు, కోత యంత్రమునకు అప్పగించితిమి. శ్రమ తగ్గెను గాని రాశి తగ్గలేదు. గ్రామములలోను మధుమేహము, రక్తపుపోటు ప్రబలుటకు ఇదియు నొక కారణము.

ఇందు మన చేతిలోని పని యేమి? పప్పే లెక్కించినచో మనిషికి సంవత్సరమునకు 31 కిలోలు. నలుగురు పెద్దలున్న ఇంటికి క్వింటాలుంబావు. మాగాణి రైతు గట్లమీద కంది వేయవచ్చును. కోతకు ముందే వరిచేనిలో మినుము, పెసర చల్లుట కృష్ణాతీరమువారికి క్రొత్త గాదు. మెట్టరైతు కొఱ్ఱకును, జొన్నకును ఒక మడి ఉంచుకొనవచ్చును. బావిగట్టున మునగ, పెరటిలో గోంగూర ఏ పెట్టుబడియు కోరవు.

సహకారులమైన మేమే చెప్పవలసిన మాట యొకటి కలదు. పాలకేంద్రమునకు పోయు పాలు లెక్కకెక్కును. ఇంటి బిడ్డ త్రాగని పాలు ఏ లెక్కలోను కనబడవు. పప్పు, కూరలు, పాలు, గ్రుడ్లు అన్నియు అమ్మి, ఆ పైకముతో మెఱుగుపట్టిన బియ్యమును, పొట్లముల తినుబండారములను కొని తెచ్చు ఇల్లు లాభము పొందినట్లు పుస్తకములో నుండును గాని, దేహములో నష్టము వ్రాయబడుచుండును. కావున సభ్యులు పంట రాగానే మొదట ఇంటి సంవత్సర గ్రాసమును కొలిచి గాదెలో పోసికొని, మిగిలినదే సంఘమునకు తేవలెనని మా కోరిక. సంఘములును పప్పు విత్తనములు సకాలమున తెప్పించి ఇచ్చుట, ఊరి బడి వంటశాలకు ఊరి పప్పు, కూరలు చేర్చు ఏర్పాటు చేయుట రాబోవు సర్వసభ్య సమావేశములలో చర్చింపదగిన విషయములు.