ఆహార వనాల సందర్శన – రైతు నుంచి రైతుకు జ్ఞాన ప్రసారం: సామర్లకోట పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తోటి రైతుల తోటలను చూసి నేర్చుకోవడం తెలుగునాట కొత్త ఆచారం కాదు. పర్మాకల్చర్, ప్రకృతి వ్యవసాయ ఉద్యమాలు ఈ ఆచారాన్ని ఒక శిక్షణ పద్ధతిగా మలిచాయి. అయితే ఆహార వనాన్ని సందర్శించినవారు ఎక్కువగా మొక్కల జాబితాతో తిరిగివస్తారు. ఆ మొక్కలు అక్కడ నిలవడానికి కారణమైన నేల, నీరు, వెలుతురు, శ్రమ, భూమిపై హక్కు వంటి పరిస్థితులు వారి దృష్టికి రావు. డెల్టా, మెట్ట కలిసే చోట ఉన్న సామర్లకోటను ఆధారంగా చేసుకొని, సందర్శనలో పరిశీలించవలసిన అంశాలను వివరించడం, కౌలు రైతు విషయంలో ఈ పద్ధతికి ఉన్న పరిమితిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార వనం, పర్మాకల్చర్, పెరటి తోట, ప్రకృతి వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ, కౌలు రైతు, సామర్లకోట.

1. ఉపోద్ఘాతం:
విజ్ఞానం పరిశోధన కేంద్రంలో పుట్టి పొలానికి చేరుతుందన్న భావన ఆధునిక వ్యవసాయ విస్తరణకు పునాది. ఈ చరిత్రలో సామర్లకోటకు ఒక స్థానం ఉంది. గోదావరి డెల్టాలో చెరకును ఎర్రకుళ్ళు తెగులు తీవ్రంగా దెబ్బతీసిన నేపథ్యంలో, మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ కృషితో 1902లో ఇక్కడ చెరకు ప్రయోగ క్షేత్రం ఏర్పడింది. తెగులును తట్టుకొనే రకాన్ని క్షేత్రంలో ఎంపిక చేయడం, దాని ముచ్చెలను రైతులకు అందించడం అప్పటి పరిష్కార మార్గం.

ఒక రకాన్ని ఆ విధంగా అందించవచ్చు. ముచ్చె చేతికి వస్తే సగం విజ్ఞానం చేతికి వచ్చినట్లే. ఆహార వనం అటువంటిది కాదు. అది కొబ్బరికి, దాని కింది కోకోకు, వాటి మధ్య ఎండకు, అడుగున పడిన ఆకుకు, ఆ ఆకును ఏరి మళ్ళీ మొదట్లో వేసే మనిషికి మధ్య ఏర్పడిన సంబంధాల సముదాయం. సంబంధాన్ని పొట్లం కట్టి పంపలేము. అది ఉన్నచోటికి వెళ్ళి చూడవలసిందే. అందుకే ఆహార వనాల విషయంలో సందర్శన ప్రధాన బోధన పద్ధతి అయింది. మరి ఆ సందర్శనలో ఏమి చూడాలి అన్న ప్రశ్నకు తగినంత చర్చ అవసరం.

2. భావన – నేపథ్యం:
ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో వెలువరించిన గ్రంథంతో పర్మాకల్చర్ అనే పదం ప్రచారంలోకి వచ్చింది. ఇంగ్లండులో రాబర్ట్ హార్ట్ తన చిన్న స్థలంలో పొడవైన చెట్లు, పొట్టి చెట్లు, పొదలు, గుల్మాలు, నేలను కప్పే మొక్కలు, దుంపలు, తీగలు అనే ఏడు అంచెలుగా అటవీ తోటను పెంచాడు. ఆయనకు స్ఫూర్తినిచ్చిన వాటిలో కేరళ పెరటి తోటలు కూడా ఉన్నాయి. అంటే మనం పాశ్చాత్య భావనగా పరిచయం చేసుకొంటున్న దానిలో కొంత భాగం మన పొరుగు పెరళ్ళ నుంచి వెళ్ళినదే. ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అన్న సామెత ఈ సందర్భానికి చక్కగా సరిపోతుంది.

తెలుగు నేలపై ఈ ఉద్యమానికి 1980వ దశకంలోనే బీజాలు పడ్డాయి. జహీరాబాదు ప్రాంతం దీనికి కేంద్రమైంది. కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో స్థాపించిన అరణ్య సంస్థ అక్కడి బిడకన్నె గ్రామంలో ఎండిన ఎర్రనేలను చెట్లతో నింపి, దానినే పాఠశాలగా నడిపింది. 2017 నవంబరులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ పర్మాకల్చర్ మహాసభకు వచ్చిన పలు దేశాల ప్రతినిధులు ఈ క్షేత్రంలోనే సమావేశమయ్యారు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నిర్వహిస్తున్నది. అనుభవం గల రైతులే తోటివారికి శిక్షకులు కావడం, మహిళా స్వయం సహాయక సంఘాలు వేదికలు కావడం ఈ కార్యక్రమ స్వరూపం. 2024లో దీనికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం మరో ఇద్దరు గ్రహీతలతో కలిపి లభించింది. ఐదంచెల పంటల విధానం ఈ కార్యక్రమంలో బాగా ప్రచారం పొందిన నమూనాలలో ఒకటి.

రైతు నుంచి రైతుకు నేర్పే ఈ మార్గానికి ప్రపంచంలో మరో బలమైన ఉదాహరణ మధ్య అమెరికాలో ఉంది. 1970వ దశకంలో గ్వాటెమాలాలో మొదలైన ఉద్యమం పొరుగు దేశాలకు విస్తరించింది. 1998లో మిచ్ తుపాను తరువాత ఎరిక్ హోల్ట్ హిమెనెజ్ నికరాగువాలో పక్కపక్కనే ఉన్న పొలాలను జంటలుగా పోల్చి చూశాడు. ఈ ఉద్యమ రైతుల పొలాల్లో పైమట్టి, తేమ ఎక్కువగా నిలిచాయనీ, కోత తక్కువగా ఉందనీ తేలింది. ఆ పోలికలో రైతులు స్వయంగా కొలతలు తీసుకొన్నారు. ఒకరి పొలానికి మరొకరు వెళ్ళడం వారికి మర్యాదపూర్వక సందర్శనగా మిగలక, పరిశోధనగా మారింది.

3. సామర్లకోట – రెండు నేలల సరిహద్దు:
2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన కాకినాడ జిల్లాలోని సామర్లకోట అంతకుముందు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటితో తడిసే నల్లని ఒండ్రునేలలు ఒకవైపు, పెద్దాపురం దిశగా ఎర్రని మెట్ట నేలలు మరొకవైపు ఈ పట్టణానికి హద్దులు. డెల్టా వైపు వరి, కొబ్బరి, అరటి. మెట్ట వైపు మామిడి, జీడిమామిడి, కర్రపెండలం ప్రధానం. ఈ కర్రపెండలమే సామర్లకోట పరిసరాల్లోని సగ్గుబియ్యం మిల్లులకు ముడిసరుకు.

ఈ ప్రాంత రైతును ఆహార వనం చూపించడానికి సాధారణంగా కోనసీమకు తీసుకువెళతారు. అక్కడ కొబ్బరి కింద కోకో, అరటి, మిరియపు తీగ, కంద, పసుపు కలిసి పెరుగుతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరిలో అంతర, మిశ్రమ పంటలపై చాలాకాలంగా పనిచేస్తున్నది. అయితే కోనసీమలో భూగర్భజలం పైకి ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువ. మెట్ట రైతు అదే జాబితాను ఇంటికి తెచ్చి నాటితే కోకో మొదటి వేసవికే వాడిపోతుంది. అతనికి కావలసింది కోకో కాదు. కోకో అక్కడ చేస్తున్న పని. అంటే నీడలో బతుకుతూ, ఆకు రాల్చి నేలను కప్పుతూ, కొంత రాబడినిచ్చే మధ్య అంచె. మెట్టలో ఆ పనిని సీతాఫలమో, కరివేపాకో, కొమ్మలు నరికి నేలపై పరచిన గ్లిరిసీడియాయో చేయవచ్చు. మొక్కను కాక, మొక్క నిర్వహించే పాత్రను గుర్తించడం సందర్శనలోని తొలి పాఠం.

4. సందర్శనలో పరిశీలించవలసిన అంశాలు:
4.1. వెలుతురు – చెట్టు వయసు: కొబ్బరి వేర్లలో అధిక భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి కనుక మిగిలిన నేల ఇతర పంటలకు దొరుకుతుంది. కానీ వెలుతురు చెట్టు వయసును బట్టి మారుతుంది. నాటిన తొలి ఏడెనిమిదేళ్ళు ఎండ ధారాళంగా పడుతుంది. ఆ తరువాత సుమారు ఇరవై ఐదేళ్ళ వయసు వరకు దట్టమైన నీడ ఉంటుంది. చెట్లు మరింత ఎదిగాక మళ్ళీ వెలుతురు కిందికి దిగుతుంది. ముప్పై ఏళ్ళ తోటలో కళకళలాడుతున్న అరటిని చూసి, తన పదిహేనేళ్ళ తోటలో అదే అరటిని నాటిన రైతు నష్టపోతాడు. కనుక ‘ఏమి నాటారు?’ అన్న ప్రశ్నకు ముందు ‘ఈ చెట్ల వయసెంత?’ అని అడగాలి.

4.2. నీరు – ఋతువు: సందర్శనలు ఎక్కువగా వానల తరువాత, తోట పచ్చగా ఉన్నప్పుడు జరుగుతాయి. డెల్టా కాలువలను సాధారణంగా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ వరకు కట్టివేస్తారు. ఆ వారాల్లో తోటకు నీరెక్కడిదో చూస్తేనే దాని అసలు బలం తెలుస్తుంది. అదేవిధంగా అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానల్లో నీరు ఎక్కడ నిలిచింది, ఎన్ని రోజులకు తీసింది అన్నదీ చూడాలి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను కొబ్బరి తోటలను నేలకూల్చింది. గాలికి ఎదురుగా ఏ చెట్లున్నాయన్న పరిశీలన ఈ తీరంలో అనవసర విషయం కాదు. కనుక మూడు తోటలను ఒక్కొక్కసారి చూడడం కంటే ఒకే తోటను మూడు ఋతువుల్లో చూడడం మేలు.

4.3. చనిపోయిన మొక్కల లెక్క: సందర్శకునికి నిలిచిన చెట్టు కనిపిస్తుంది, చనిపోయిన మొక్క కనిపించదు. ఇరవై రకాలు నాటితే పన్నెండు బతికిన తోట చూపరికి పన్నెండు రకాల విజయంగా తోస్తుంది. మిగిలిన ఎనిమిది ఎందుకు పోయాయో తెలిస్తే అతని ఖర్చు తగ్గుతుంది. ఆతిథేయ రైతు తనంత తానుగా ఈ విషయం చెప్పడానికి మొహమాటపడవచ్చు. వచ్చినవారి ముందు తోటను బాగా చూపించాలన్న ఆరాటం సహజం. అందువల్ల శిక్షకులు ముందుగానే ఈ ప్రశ్నను సందర్శనలో భాగం చేయాలి. ఏమి నాటారు, ఎప్పుడు పోయింది, ఎందుకని అనుకొంటున్నారు అన్న మూడు గడుల పట్టిక ఇందుకు సరిపోతుంది.

4.4. శ్రమ: కొబ్బరి దింపు కార్మికుడు ఎన్ని రోజులకొకసారి వస్తాడు, కోకో కాయలు కోసి గింజలు పులియబెట్టేది ఎవరు, కంద తవ్వేది ఎవరు అన్న ప్రశ్నలకు సమాధానాలు ఇంట్లోని మహిళల వద్ద ఉంటాయి. అనేక పంటలంటే ఏడాది పొడవునా చిన్న చిన్న పనులు. ఆ పనుల్లో కూలి లెక్కకు రానివే అధికం. తోట యజమానితో మాట్లాడి, ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేసిన బృందం సగం తోటనే చూసినట్లు. మహిళలే ఆతిథేయులుగా, మహిళలే సందర్శకులుగా ఉన్నప్పుడు ఏది కూరకు వచ్చింది, ఏది సంతకు వెళ్ళింది, ఏది వృథా అయింది అన్న వివరాలు సహజంగానే సంభాషణలోకి వస్తాయి.

5. ఇచ్చిపుచ్చుకోవడంలో జాగ్రత్త:
తోట చూసినవారిని ఉత్త చేతులతో పంపకపోవడం గోదావరి మర్యాద. అరటి పిలక, కంద ముక్క, తీగ బచ్చలి కొమ్మ చేతిలో పెడతారు. స్థానిక రకాలు బతకడానికి ఈ ఆచారం గొప్ప ఆధారం. కానీ తెగుళ్ళూ ఇదే దారిలో ప్రయాణిస్తాయి. సామర్లకోట క్షేత్రం పుట్టుకకు కారణమైన ఎర్రకుళ్ళు ప్రధానంగా తెగులు సోకిన ముచ్చెల ద్వారా వ్యాపించేదే. 2016లో భారతదేశంలో తొలిసారి గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ అనతికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు చేరింది. గింజలను ఇచ్చిపుచ్చుకోవడానికి ప్రాధాన్యమివ్వడం, పిలకలు, మొక్కలు తెచ్చినప్పుడు కొంతకాలం వేరుగా నాటి గమనించడం వంటి నియమాలు సందర్శన శిక్షణలో చేరాలి.

6. కౌలు రైతు ప్రశ్న:
ఈ చర్చలో అన్నిటికంటే కఠినమైన అంశం భూమి హక్కు. గోదావరి జిల్లాల్లో సాగులో పెద్ద భాగం కౌలుదారుల చేతిలో ఉంది. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందాన్ని 11 నెలలకు గుర్తిస్తుంది. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు, కోకోకు సుమారు మూడేళ్ళు పడుతుంది. 11 నెలల హక్కు గల మనిషికి ఏడేళ్ళ చెట్టును చూపించి స్ఫూర్తి పొందమనడం న్యాయం కాదు. చెట్టు నాటడం భూమిపై శాశ్వత హక్కు కోరడంగా యజమాని భావించే ప్రమాదమూ ఉంది.

కౌలు రైతుకు సొంత పెరడైనా ఉంటుందన్న ఊహ కూడా అన్నిచోట్లా చెల్లదు. 2020లో ప్రారంభమైన పేదల ఇళ్ళ స్థలాల పథకంలో గ్రామాల్లో ఒకటిన్నర సెంట్లు, పట్టణాల్లో ఒక సెంటు చొప్పున కేటాయించారు. ఇల్లు కట్టగా మిగిలే చోటు ఒక మునగ చెట్టుకు, రెండు పాదులకు సరిపోతే గొప్ప.

అందువల్ల కౌలు రైతుల కోసం సందర్శనను వేరుగా రూపొందించాలి. ఏడాది లోపు లేదా కొంచెం అటూఇటుగా ఫలితమిచ్చే బొప్పాయి, విత్తన మునగ, అరటి, కంద, గట్లపై కంది, దడిపై చిక్కుడు, కాకర, అడుగున ఆకుకూరలు – వీటితో అంచెలు ఏర్పరచిన పొలాలను వారికి చూపాలి. యజమాని చెట్లు పెంచగా, వాటి కింది నేలను కౌలుదారు సాగు చేసుకొనే లిఖిత ఒప్పందాలపై ఇరువురినీ ఒకే సందర్శనకు పిలిచి మాట్లాడించడం మరో మార్గం.

7. ముగింపు:
సందర్శన విజయాన్ని హాజరు పట్టికలోని సంతకాలతో కొలవడం సులభం. ఏడాది తరువాత సందర్శకుని నేలలో ఏమి మారింది, ఏ మొక్కకు బదులు ఏ మొక్కను ఎంచుకొన్నాడు, ఎందుకు ఎంచుకొన్నాడు అన్నవి అసలు కొలమానాలు. చూసినదాన్ని యథాతథంగా నాటినవాడి కంటే, తన నేలకు తగినట్లు మార్చి నాటినవాడు ఎక్కువ నేర్చుకొన్నట్లు. కొద్ది దూరంలోనే నేల స్వభావం మారిపోయే సామర్లకోట వంటి చోట ఈ తేడాను అధ్యయనం చేయడానికి మంచి అవకాశముంది. డెల్టా, మెట్ట రైతుల పరస్పర సందర్శనలను కొన్నేళ్ళపాటు అనుసరించి నమోదు చేసే పరిశోధన, ఆహార వనాల గురించే కాక, రైతు జ్ఞానం చోటు మారేటప్పుడు ఎలా రూపాంతరం చెందుతుందో కూడా తెలియజేయగలదు. ఆ నమోదులో భూమి లేని సాగుదారుకు చోటు దక్కినప్పుడే అది ఈ ప్రాంత వ్యవసాయానికి సంబంధించిన అధ్యయనం అవుతుంది.