మన మగపిల్లల పేర్లు - వాటి పుట్టుపూర్వోత్తరాలు

ప్రతి విద్యాసంవత్సరారంభంలో హాజరుపట్టీ తెరచి పేర్లు పిలవడం నా వంటి తెలుగు అధ్యాపకునికి ఒక భాషాశాస్త్ర పాఠం వంటిది. ఒకే పుటలో అరబ్బీ, పారసీకం, తుర్కీ, హీబ్రూ, తెలుగు మాటలు పక్కపక్కన నిలిచి ఉంటాయి. గత సంవత్సరం మస్తాన్ వలీ అనే పేరుగల విద్యార్థి ఒకడు తరగతి ముగిసిన పిదప నా వద్దకు వచ్చినాడు. తనది పల్లెటూరి పేరని వసతిగృహంలో తోటివారు నవ్వుతున్నారనీ, మంచి అరబ్బీ పేరు ఒకటి సూచించమనీ కోరినాడు. అంతలో గంట మోగినది. ఆనాడు అతనికి చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

ముందుగా అరబ్బీ పేర్ల నిర్మాణం తెలుసుకొనవలసి ఉన్నది. ఆ భాషలో పదాలు చాలవరకు మూడు హల్లుల ధాతువు నుండి పుడతాయి. హ-మ-ద అనే ధాతువునకు స్తుతి అని అర్థం. దాని నుండియే హామిద్ (స్తుతించువాడు), మహమూద్ (స్తుతింపబడినవాడు), ముహమ్మద్ (మిక్కిలిగా స్తుతింపబడినవాడు), అహ్మద్ (అత్యంత స్తుతిపాత్రుడు) ఏర్పడినవి. సంస్కృతంలో ‘కృ’ ధాతువు నుండి కర్త, కార్యము, కృతి పుట్టిన తీరును గుర్తు చేసుకొన్నచో ఇది సులభంగా బోధపడుతుంది. హసన్ అనగా సుందరుడు, ఉత్తముడు. హుసేన్ దానికి లఘురూపం, అనగా చిన్న హసన్. మన ఇండ్లలో పెద్దయ్య తరువాత చిన్నయ్య వచ్చినట్లన్నమాట.

అబ్ద్ అనగా దాసుడు. అబ్దుల్ కరీం అంటే ఉదారుడైన అల్లాహ్ యొక్క దాసుడు. కావున ‘అబ్దుల్’ అని పిలిచి ఊరుకొంటే ‘యొక్క దాసుడు’ అని మధ్యలో ఆగినట్లే; ఎవరి దాసుడో చెప్పలేదు. తుది భాగాన్ని మాత్రమే పట్టుకొని ‘రహ్మాన్’ అని పిలవడం అంతకంటె పొరపాటు, అది దైవనామం గనుక. అబ్దుల్‌లోని లకారం తరువాతి అక్షరాన్ని బట్టి మారుతుంది: అబ్దుర్రహ్మాన్, అబ్దుస్సత్తార్. ఇది మన సంధి వంటిదే. ఈ సంధి తెలియని గుమాస్తాల చేతిలో నా పేరు పడిన పాట్లు చెప్పనలవి కాదు. పదవ తరగతి ధ్రువపత్రంలో అది రెండు ముక్కలు, ఇంటర్మీడియట్‌లో మూడు ముక్కలు, ఎం.ఏ. పట్టాలో ఒకే ముక్క. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ ముగ్గురూ నేనే అని ప్రమాణపత్రం వ్రాసి ఇవ్వవలసి వచ్చినది. ప్రవేశ దరఖాస్తులో ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, తెలుగు లిపులలో కూడ పేరు వ్రాయించినచో మన విద్యార్థులకు ఈ ఇబ్బంది కొంత తగ్గుతుందని కళాశాల పాలకవర్గం వారికి మనవి చేస్తున్నాను. జనన నమోదులో పేరు లేకుండ నమోదైన శిశువు పేరును పన్నెండు నెలల లోపల రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చుననే సంగతి కూడ చాలమందికి తెలియదు.

ఇబ్రాహీం, మూసా, దావూద్, యూసుఫ్ మొదలైన ప్రవక్తల పేర్లు యూదులకు, క్రైస్తవులకు, మనకు ఉమ్మడి ఆస్తి. ఇస్మాయీల్ అనగా ‘దేవుడు ఆలకించును’ అని హీబ్రూ అర్థం. ఫిరోజ్ (విజయి), ఖుర్షీద్ (సూర్యుడు), జహంగీర్ (లోకాన్ని చేపట్టినవాడు) పారసీక పదాలు. తైమూర్ అనగా ఇనుము. అది తుర్కీ మాట. 1591లో హైదరాబాదును నిర్మించిన ముహమ్మద్ కులీ పేరులోని ‘కులీ’ కూడ తుర్కీయే. దానికి దాసుడని అర్థం.

గోలకొండ ప్రసక్తి వచ్చినది గనుక ఒక్క మాట. 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రాహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినాడు. తెలుగు కవుల నోట ఆ మలిక్ ఇబ్రాహీం ‘మల్కిభరాముడు’ అయినాడు. సుల్తాను పేరుకే తెలుగు విభక్తి తగిలినప్పుడు సామాన్యుని పేరుకు తగలడంలో వింత ఏమున్నది?

మస్తాన్ వలీ వంటి పేర్లు అట్లు తగిలినవే. పారసీకంలో మస్త్ అనగా మత్తుగొన్నవాడు. సూఫీల వాడుకలో దైవప్రేమలో తన్ను తాను మరచినవాడు. వలీ అనగా దైవమిత్రుడు, అరబ్బీ పదం. గుంటూరులోని కాలే మస్తాన్ దర్గా ఆ చుట్టుప్రక్కల ఎంతమందికి పేరిచ్చినదో లెక్కకు అందదు. దస్తగిరి అనే పేరులో తెలుగువాని చెవికి ‘గిరి’, అనగా కొండ వినబడుతుంది. నిజానికి దస్త్ అనగా చేయి, గీర్ అనగా పట్టుకొనునది. ఆపదలో చేయి పట్టి నడిపించువాడని అర్థం; 1166లో బాగ్దాదులో పరమపదించిన అబ్దుల్ ఖాదర్ జీలానీ వారి బిరుదు అది. తమిళనాడులోని నాగూరు దర్గా పేరు మన నోట నాగుల్ మీరా అయినది. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు కొలువుదీరే కుళ్ళాయిస్వామి వలన కుళ్ళాయప్పలు వచ్చినారు. కుళ్ళాయి అనగా టోపీ, పారసీకంలో కులాహ్. శ్రీనాథుని చాటువులో కూడ ఈ టోపీ కనబడుతుంది. జాన్‌పహాడ్ దర్గా వలన నల్లగొండ ప్రాంతంలో సైదులు, సైదిరెడ్డి అనే పేర్లు నిలిచినవి. మస్తాన్‌రావులు, సైదిరెడ్లు ముస్లిములు కారు. మొక్కు తీరి బిడ్డ కలిగిన తల్లి ఆ వలీ పేరు పెట్టుకొన్నది, అంతే. ఇటువంటి పేర్లను అపభ్రంశాలని తీసివేసే పండితులు మనలో ఉన్నారు. వారితో నేను ఏకీభవింపలేను.

పేరు మార్చరాదని నా అభిప్రాయం కాదు. అర్థం చెడ్డదైన పేర్లను ప్రవక్త మహనీయులు స్వయంగా మార్చేవారు. హజ్న్, అనగా కరకు నేల, అనే పేరుగల వానిని సహ్ల్, అనగా చదునైనది, అని పేరు మార్చుకొమ్మన్నారు. అతడు తండ్రి పెట్టిన పేరు విడువనన్నాడు. ఆ కరకుదనం మా వంశంలో నిలిచిపోయినదని అతని మనుమడు తరువాతి కాలంలో వాపోయినాడట.

మస్తాన్ వలీ పేరులో కరకుదనమేమీ లేదు. ఇది చదివిన పిమ్మట కూడ మార్చుకొనదలచిన యెడల దరఖాస్తు నేనే వ్రాసి పెడతాను. అయితే కొత్త పేరులో ‘అబ్దుల్’ ఉన్నచో దానిని ఎన్ని ముక్కలుగా వ్రాయవలెనో మాత్రం మేమిద్దరం ముందే కూర్చుని నిర్ణయించుకోవాలి.