4.3 డిజిటల్ ఆడియో పరికరాలు: కనెక్షన్, క్లాక్ లోపాలను గుర్తించడం

డిజిటల్ ధ్వని సెకనుకు ఇన్ని శాంపిళ్ల చొప్పున ప్రయాణిస్తుందని గత భాగంలో చదివారు. ఏ శాంపిల్‌ను ఏ క్షణంలో తీసుకోవాలో నిర్ణయించేది పరికరంలోని క్లాక్. రెండు డిజిటల్ పరికరాలను కలిపినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏ పరికరం క్లాక్‌ను ఏది అనుసరిస్తోంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిది మైకుల ప్రీఆంప్లిఫయర్ నుంచి ఒకే ఏడాట్ ఆప్టికల్ కేబుల్ ద్వారా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు ధ్వనిని పంపుతున్నారనుకోండి. రెండింటినీ 48,000 హెర్ట్జ్‌కే అమర్చారు. అయినా ఉండి ఉండి 'టిక్' అనే చప్పుడు వస్తోంది. కారణం ఏమిటి?

రెండింటిలోనూ వేర్వేరు క్వార్ట్జ్ స్ఫటికాలు ఉన్నాయి. రెండు చేతి గడియారాలు కొన్నాళ్లకు తేడా చూపినట్లే, ఇవీ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. తేడా పది లక్షలకు 10 మాత్రమే అనుకున్నా, 48,000 × 10 ÷ 10,00,000 = 0.48. అంటే దాదాపు రెండు సెకన్లకొకసారి ఒక శాంపిల్ జారిపోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. మృదంగం దరువుల్లో ఆ చప్పుడు మరుగున పడవచ్చు; తంబుర నాదంలో స్పష్టంగా వినిపిస్తుంది. రికార్డింగులో చేరిన తర్వాత దాన్ని తొలగించడం కష్టం. కాబట్టి కళాకారులు రాకముందే కింది క్రమంలో పరీక్షించండి.

1. ధ్వని అసలే రాకపోతే ముందు కనెక్షన్ చూడండి. కేబుల్ అవుట్ నుంచి ఇన్‌కు వెళ్లిందా? దాని కొనను కాగితంపై పెడితే ఎర్రని వెలుగు కనిపిస్తోందా? ఏడాట్‌కూ, ఆప్టికల్ ఎస్/పీడీఐఎఫ్‌కూ సాకెట్ ఒకే రకం; సెట్టింగులో సరైనదాన్ని ఎంచుకున్నారా?

2. ధ్వని వస్తూ టిక్కులు వినిపిస్తే క్లాక్ చూడండి. ఆప్టికల్ కేబుల్‌లో ధ్వనితోపాటే క్లాక్ కూడా ప్రయాణిస్తుంది. కేబుల్ ప్రీఆంప్లిఫయర్ నుంచి ఇంటర్‌ఫేస్‌కు మాత్రమే ఉంది కనుక ప్రీఆంప్లిఫయర్‌ను 'ఇంటర్నల్'కు, ఇంటర్‌ఫేస్‌ను 'ఏడాట్'కు అమర్చండి. ఇంటర్‌ఫేసే ప్రధాన క్లాక్‌గా ఉండాలంటే దాని నుంచి ప్రీఆంప్లిఫయర్‌కు 75 ఓమ్ బీఎన్‌సీ కేబుల్‌తో వర్డ్ క్లాక్ అందించాలి.

3. సాఫ్ట్‌వేర్‌లోనూ అదే శాంపిల్ రేటు ఉందో లేదో చూడండి. 48,000 రేటుతో తీసిన 10 నిమిషాల పాటను 44,100 రేటుతో వినిపిస్తే అది సుమారు 10 నిమిషాల 53 సెకన్లు నడుస్తుంది. శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు దిగుతుంది.

4. అయినా టిక్కులు ఆగకపోతే బఫర్‌ను 128 నుంచి 512 శాంపిళ్లకు పెంచండి. అప్పుడు ఆగితే లోపం క్లాక్‌ది కాదు; కంప్యూటర్ పని అందుకోలేకపోవడమే కారణం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఉదాహరణలో రెండు పరికరాలనూ 'ఇంటర్నల్'కు అమర్చితే ఏమవుతుంది? రెండు వాక్యాల్లో రాయండి.